తులసి తాగిన నీళ్ళు

"మేడం గారండీ, పైనుంచి చూస్తే తెలీదు. ఓసారి దిగాలండి" అని ఫిట్టరు వెంకన్న గోతిలోంచి పిలిచిన దగ్గర కిందటి వారం కథ ఆగింది.

ఈ వారమే మనతో కలిసినవారికి నాలుగు మాటలు. గౌతమి గట్టున ఉన్న సీతంపాలెంలో పేరూరివారి వీధి బాగా పాతది. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయేసరికి వీధి ఎత్తయిపోయి ఇళ్ళు పల్లంలో పడ్డాయి. వానొస్తే మురుగు గుమ్మాల్లోకి వస్తుంది. వచ్చే పుష్కరాలలోపు వీధంతా తవ్వి కొత్తగా వెయ్యాలన్నారు. అంతకన్నా ముందు కింద మంచినీళ్ళ గొట్టాలు ఎలా ఉన్నాయి, కాల్వలు ఎలా ఉన్నాయి, స్తంభాలు నిలుస్తాయా లేదా చూసి రమ్మని ఉమాశ్రీని పంపారు. ఆమె పురపాలక సంఘంలో కొత్తగా చేరిన ఇంజనీరు. అమలాపురం దగ్గర పల్లెటూరి పిల్ల.

ఆ వీధిలో ఎదురెదురుగా ఉన్న రెండిళ్ళ మధ్య మాటల్లేవు. ఉత్తరం వరసలో దీనమ్మ, నర్సుగా పనిచేసి రిటైరైన మనిషి. దక్షిణం వరసలో లెక్కల మాస్టారు శివరామకృష్ణ. రెండువేల మూడు పుష్కరాలు వెళ్ళిన మరుసటేడు మాస్టారి భార్య రామతులసి ఏడో నెల కడుపుతో పచ్చకామెర్లు వచ్చి చనిపోయింది. బిడ్డా దక్కలేదు. ఆమెకి దీనమ్మ ఇంటి నూతి నీళ్ళంటే ప్రాణం. ఇంట్లోవాళ్ళు వద్దన్నా వినకుండా రోజూ మధ్యాహ్నం వెళ్ళి తాగి వచ్చేది. దినాలు అయిన రోజున మాస్టారు దీనమ్మ గుమ్మం ముందు నిలబడి, వీధంతా వింటుండగా, "నీ నుయ్యే నా తులసిని మింగేసింది" అన్నారు. ఆ మర్నాడే దీనమ్మ నూతి మీద బండ పరిపించి సిమెంటు పూయించింది. కాల్వ లోతు లెక్క కోసం నూతిలో నీళ్ళు ఎంత పైకి ఉన్నాయో చూడ్డానికి వెళ్ళిన ఉమాశ్రీకి ఆ బండ పక్కన కూర్చుని ఇదంతా దీనమ్మే చెప్పింది.

ఇక గోతి దగ్గరికి వద్దాం.

ఉమాశ్రీ చున్నీ నడుముకి బిగించి కట్టుకుని కిందికి దిగింది. వీధికి అడ్డంగా ఉన్న కల్వర్టు పక్కన తవ్విన గొయ్యి అది. పైన తారు, దాని కింద సిమెంటు, దాని కింద మళ్ళీ పాత తారు, అడుగున ఎర్ర కంకర. వాటన్నిటికీ దిగువన, దక్షిణం వరస ఇళ్ళకి మంచినీళ్ళు మోసుకెళ్ళే ఇనప గొట్టం కనిపించింది. ఆ గొట్టం మురుగుకాల్వని దాటి వెళ్ళాలి. కాల్వ పైనుంచి దాటించలేదు, అడుగునుంచీ దాటించలేదు. సరిగ్గా మధ్యలోంచి, మురుగులో మునిగి పోతోంది.

"ఇంతవరకే అయితే మిమ్మల్ని దింపేవాణ్ణి కాదండి. ఇది చూడండి" అని వెంకన్న పారతో బురద పక్కకి లాగాడు.

గొట్టం మీద సైకిలు ట్యూబు ముక్క చుట్టి తీగతో బిగించి ఉంది. రబ్బరు మగ్గిపోయి చీలికలైంది. చీలికల కింద తుప్పు, ఆ తుప్పులో చూపుడువేలు దూరేంత చిల్లు, అందులోంచి బుడబుడమని ఉబుకుతున్న నీళ్ళు.

ఉమాశ్రీ వంగి చూసింది. ట్యూబు సగం బయట ఉంది, మిగతా సగం కల్వర్టు గోడ సిమెంటులో కూరుకుపోయి ఉంది. గోడ మీద ఎవరో మేస్త్రీ పచ్చి సిమెంటులో తాపీ కొసతో రాసిన అంకెలు ఇంకా చెదరలేదు. 2003.

"పుష్కరాలకి కట్టిందండి ఈ కల్వర్టు" అన్నాడు వెంకన్న.

"అయితే ఈ చిల్లు అంతకన్నా ముందుదే" అంది ఉమాశ్రీ నెమ్మదిగా. చిల్లు పడితే ట్యూబు చుట్టారు. చుట్టిన ట్యూబు మీదుగానే గోడ పోసేశారు. ఆ పైన రోడ్డు మీద రోడ్డు వేశారు. అంతే, మళ్ళీ దాని మొహం చూసినవాళ్ళు లేరు.

నీళ్ళు వదిలిన కాసేపూ గొట్టం నిండుగా ఉంటుంది కనక చిల్లులోంచి నీళ్ళు బయటికే పోతాయి. కట్టేశాక గొట్టం ఖాళీ అవుతుంది. ఖాళీ అయిన గొట్టం చుట్టూ ఉన్నదాన్ని లోపలికి పీల్చుకుంటుంది. చుట్టూ ఉన్నది మురుగు. మర్నాడు మళ్ళీ నీళ్ళు వదిలినప్పుడు మొదట పట్టిన బిందెలోకి వచ్చేది అదే. మురుగులో కామెర్ల రోగం కలవని ఏళ్ళలో ఒట్టి కడుపునొప్పులతో పోతుంది, కలిసిన ఏడు ప్రాణం తీస్తుంది.

ఆ గొట్టం మీద కాల్వ దాటగానే మొదటి ఇల్లు శివరామకృష్ణ మాస్టారిది.

ఆ ఆలోచన తోచగానే ఉమాశ్రీ గోతిలోంచి పైకొచ్చి తిన్నగా మాస్టారి కుళాయి దగ్గరికి వెళ్ళింది.

ఆ కుళాయి ప్రహరీ గోడకి బయటివైపు ఉంటుంది. లోపల ఉంటే అడగడానికి జనం మొహమాటపడతారని భార్య పోయిన ఏడే మాస్టారు బయటికి పెట్టించారు. వీధిలో సగం మంది తాగే నీళ్ళు అక్కడివే. ఆయన భుజాన తువ్వాలు వేసుకుని బిందె నింపుతున్నారు.

"ఎండలో మాడిపోతున్నావమ్మా. కాసిని మంచినీళ్ళు తాగు."

"ఇప్పుడే తాగానండి" అని అబద్ధమాడింది ఉమాశ్రీ. చిన్న సీసాలో కుళాయి నీళ్ళు పట్టి మందు చుక్కలు వేసింది. నీళ్ళలో క్లోరిన్ ఉంటే పసుపు రంగు రావాలి. పొద్దున్న వీధి మొదట్లో పట్టిన నీళ్ళకి చక్కగా వచ్చింది. ఇక్కడ రాలేదు. సీసాని వెలుతురుకి ఎత్తి పట్టింది. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి.

"ఏంటమ్మా?"

"ఏం లేదండి. ఈ బిందె ఎవరికండీ?"

"ఆ చివర వాటాలో ఉంటుందే, సత్యశ్రీ, ఆ పిల్లకి. మొగుడు దుర్గాసాయి మొగల్తూరు దగ్గర రొయ్యల చెరువుల మీద ఉంటాడు, వారానికోసారి వస్తాడు. వట్టి మనిషి కాదు కదమ్మా, బరువులెత్తకూడదు. రోజూ నేనే దించి వస్తాను. ఏ నూతి నీళ్ళ జోలికీ పోవద్దని మరీమరీ చెప్పాను." ఆయన గొంతు తగ్గించారు. "ఈ కుళాయి మా తులసి పేరు మీద పెట్టిందే. దానిలా ఇంకో ఆడపిల్ల పోకూడదని."

ఉమాశ్రీ సీసా మూత బిగించింది. "మాస్టారూ, ఇవాళ ఈ నీళ్ళు ఎవరికీ ఇవ్వకండి. పొద్దున్న పట్టినవి ఉంటే పారబోయించండి. గొట్టం దగ్గర తవ్వాం కదండీ, మన్ను కలిసి ఉంటుంది" అంది. వెంకన్న వైపు తిరిగి వీధి మొదట్లో వాల్వు కట్టేసి రమ్మంది. పైవాళ్ళని అడగాలేమో అన్నట్టు వెంకన్న చూశాడు.

"అడుగుతాను. ముందు కట్టెయ్యండి" అంది.

"ఆయ్" అని అతను పరుగెత్తాడు.

ఉమాశ్రీ ఎదురింటి మెట్లు దిగింది. ఆ వీధిలో ఇంట్లోకి వెళ్ళాలంటే ఎక్కడం ఉండదు, దిగడమే. వీధిలో ఎవరికైనా ఒంట్లో బాగోలేదేమో దీనమ్మకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. అది ఒక కారణం. ఈ కబురు ముందుగా వినాల్సిన మనిషి ఆవిడే కావడం ఇంకో కారణం.

దీనమ్మ వసారాలో చాప మీద కూర్చుని మునగాకు దూస్తోంది. ఉమాశ్రీ మొహం చూడగానే చెయ్యి ఆపింది.

"ఏమైందే అమ్మాయ్? కళ్ళు తిరుగుతున్నాయా?"

"లేదండి. మిమ్మల్నొకటి అడగాలి. తులసి గారు పోయిన ఏడు ఈ వీధిలో ఇంకెవరికైనా కామెర్లు వచ్చేయా?"

"వచ్చేయి. ఆ పక్క వరసలో అటు చివరిదాకా వచ్చేయి. సంచి తగిలించుకుని నేనే ఇంటింటికీ తిరిగాను. పెద్దవాళ్ళు, మగవాళ్ళు, తేరుకున్నారు. కడుపుతో ఉన్నవాళ్ళకి ఆ రోగం చెడ్డదమ్మా. తులసి తేరుకోలేదు."

"ఈ వరసలో?"

"ఈ వరసలో..." దీనమ్మ జవాబు చెప్పబోయి ఆగింది. "ఈ వరసలో ఎవరికీ రాలేదు."

"మీ నూతి నీళ్ళు మీరు తాగేవారా?"

"నేను కాకపోతే ఎవరు తాగుతారు? పుట్టి బుద్ధెరిగి అవే తాగాను."

ఉమాశ్రీ చాప అంచున కూర్చుంది. గోతిలో చూసినదంతా చెప్పింది. గొట్టం కాల్వలోంచి పోవడం, చిల్లు, దాని మీద ట్యూబు, ట్యూబు మీద గోడ, గోడ మీద అంకెలు. ఆ చిల్లు పడిన గొట్టం దక్షిణం వరసకి మాత్రమే నీళ్ళిస్తుందనీ, ఉత్తరం వరసకి దానితో సంబంధం లేదనీ చెప్పింది. చివరికి దీనమ్మ రెండు చేతులూ పట్టుకుంది. ఆ చేతులకి ఆకు పసరు అంటుకుని ఉంది.

"అమ్మా, తులసి గారు మీ ఇంట తాగింది మంచినీళ్ళేనమ్మా. ఆవిడకి రోగం ఇచ్చిన నీళ్ళు ఆవిడ ఇంటి కుళాయివే."

దీనమ్మ ఏడవలేదు. చేతులు విడిపించుకుని ఒళ్ళో పడ్డ ఆకులు ఏరింది.

"నేను నర్సునమ్మా" అంది. "ఏ నీళ్ళు తాగితే ఏ రోగం వస్తుందో ఊరందరికీ చెప్పినదాన్ని. అవే నీళ్ళు నేనూ తాగాను కదా, నాకెందుకు రాలేదు అని ఆ ఏడుపులో తోచలేదు. తరవాత తోచింది. తోచినప్పుడల్లా భయం వేసింది. తప్పించుకోడానికి సాకు వెతుక్కుంటున్నానేమో అనిపించేది. చచ్చిపోయిన పిల్ల ముందు నా మంచితనం నేను చెప్పుకోవడమేంటి అనిపించేది. అంచేత ఆ మాట నోట్లోనే మింగేసేదాన్ని."

"ఇప్పుడు చెప్పొచ్చమ్మా."

"చేద తనే వేసి తోడుకునేది" అంది దీనమ్మ, వినిపించుకోనట్టు. "వద్దే, కడుపుతో ఉన్నావే అంటే నవ్వేది. నవ్వితే ముక్కు మీద ముడతలు పడేవి. ఇన్నాళ్ళూ దాన్ని తలుచుకుంటే ఆ పచ్చబడ్డ మొహమే వచ్చేది కానీ ఈ నవ్వు రాలేదమ్మా. ఇప్పుడొచ్చింది."

అప్పుడు ఏడ్చింది. చప్పుడు లేకుండా, కొంగు కూడా అడ్డం పెట్టుకోకుండా ఏడ్చింది. ఉమాశ్రీ ఆమె వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది.

ఉన్నట్టుండి దీనమ్మ తలెత్తింది.

"ఆ గొట్టంలో నీళ్ళు ఇంకా వస్తున్నాయా?"

"ఇప్పుడే కట్టించానండి."

"ఇవాళ కట్టించావు. నిన్నటిదాకా వచ్చేయిగా? మాస్టారు రోజూ బిందె మోస్తారు ఆ పిల్లకి. కిటికీలోంచి చూస్తూనే ఉంటాను." ఆమె లేచి నిలబడింది. మునగాకు చాపంతా చెల్లాచెదరైంది. "సత్యశ్రీ రెండు రోజులై గుమ్మంలోకి రాలేదే. పదమ్మా!"

సత్యశ్రీ వాటా తలుపు ఓరగా వేసి ఉంది. ఆ పిల్ల మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పిలిస్తే పలికింది కానీ మాట ముద్దగా వచ్చింది. తిన్నది ఇమడటం లేదనీ, వేవిళ్ళు మళ్ళీ మొదలయ్యాయేమో అనుకుంటున్నాననీ చెప్పింది. దీనమ్మ కిటికీ తలుపు తెరిచి, ఆ పిల్ల గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి, కంటి కింద రెప్ప లాగి చూసింది. ఉమాశ్రీకి కూడా తెలిసిపోయింది. తెల్లగా ఉండాల్సిన చోట పసుపు.

"ఎన్నో నెలే తల్లీ?"

"ఏడు వెళ్ళిందండి. ఎనిమిది."

దీనమ్మ మనసులోని కంగారు చేతుల్లోకి రానివ్వలేదు. ఆ పిల్ల జుట్టు పైకి ముడేసింది, రెండు చీరలు సంచిలో పెట్టింది, ఉమాశ్రీ ఫోన్ తీసుకుని దుర్గాసాయికి చేసి తిన్నగా రాజమండ్రి ఆసుపత్రికి వచ్చెయ్యమని చెప్పింది. గుమ్మం బయటికొచ్చి ఉమాశ్రీతో మెల్లగా అంది.

"అంబులెన్సు కోసం కూర్చునే వేళ కాదమ్మా ఇది. మాట మందగిస్తోంది, ఇంకాసేపుంటే మగత కమ్మేస్తుంది. ఈ వీధిలో కారున్నది ఒక్కరికే."

ఇద్దరూ మాస్టారి ఇంటివైపు చూశారు.

"నేను వెళ్ళి చెబుతానండి" అంది ఉమాశ్రీ.

"నేనే వెళతాను. రోగం సంగతి నువ్వు చెబితే సవాలక్ష ప్రశ్నలడుగుతాడు. ఒక్కమాట విను. గొట్టం సంగతి ఆయనకి ఇప్పుడు చెప్పకు."

"అదేంటండీ! మీ మీద పడ్డ నింద..."

"నా నింద ఎక్కడికీ పోదు, సాయంత్రం దాకా ఆగుతుంది. రోజూ ఆ బిందె మోసింది తనే అని తెలిస్తే ఆయన చేతులు స్టీరింగు మీద నిలుస్తాయా? నాకు తెలుసమ్మా ఆ బరువు ఎలా ఉంటుందో."

ఇరవయ్యేళ్ళ పైమాటే అయింది దీనమ్మ ఆ గేటు తీసి. కొంగు భుజం మీదికి లాక్కుని తలుపు కొట్టింది. మాస్టారు తలుపు తీశారు. ఎదురుగా ఉన్న మనిషిని చూసి, తెరిచిన తలుపు రెక్క పట్టుకుని అలాగే ఉండిపోయారు. వీధిలో ఎదురైతే తల తిప్పుకోవడం ఆయనకి అలవాటు. గుమ్మంలో నిలబడితే తల ఎటు తిప్పుకోవాలో తోచలేదు.

"కారు తియ్యండి మాస్టారూ. సత్యశ్రీకి బాగోలేదు. రాజమండ్రి తీసుకెళ్ళాలి."

"ఏమైంది?"

"పచ్చకామెర్లు."

ఆ మాట వినగానే ఆయన మొహం పాలిపోయింది. ఒక్క క్షణం అయ్యాక ఆ మొహం కందగడ్డలా అయింది.

"మీ ఇంటికొచ్చిందా? మీ దగ్గర నీళ్ళేమైనా తాగిందా? నిజం చెప్పండి! ఆ నుయ్యి మళ్ళీ తెరిచేరా?"

ఉమాశ్రీ నోరు తెరవబోయింది. దీనమ్మ చెయ్యి వెనక్కి చాచి ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"తరవాత తిడుదురుగాని మాస్టారూ, కూర్చుని పడతాను. ముందు కారు తియ్యండి. ఈ పిల్లనైనా దక్కించుకుందాం."

ఈ పిల్లనైనా అన్న మాట ఆయనకి ఎక్కడో తగిలింది. తాళాలు అందుకున్నారు.

దక్షిణం వరసలో ప్రతి ఇంటికీ వెళ్ళి పట్టిన నీళ్ళు పారబోయించమనీ, ఒంట్లో నలతగా ఉన్నవాళ్ళ పేర్లు రాసుకోమనీ వెంకన్నకి అప్పగించి ఉమాశ్రీ ముందు సీట్లో కూర్చుంది. తన పైఅధికారికి ఫోన్ చేసి నీళ్ళు ఆపేసిన సంగతి చెప్పింది. ఆయన విసుక్కున్నా ట్యాంకరు పంపిస్తానన్నాడు. వెనక సీట్లో దీనమ్మ ఒళ్ళో సత్యశ్రీ తల.

జొన్నాడ వంతెన మీద గాలి వేడిగా కొట్టింది. కింద గోదావరి వేసవికి చిక్కి, ఇసక తిన్నెల మధ్య పాయలుగా ఉంది. దీనమ్మ ఆ పిల్లని నిద్రపోనివ్వకుండా ఏదో ఒకటి అడుగుతూనే ఉంది. మీ అమ్మ పేరేంటి, మీ ఊళ్ళో తీర్థం ఎప్పుడు, అబ్బాయైతే ఏం పేరు పెడతావు, అమ్మాయైతే ఏం పేరు. మాస్టారు మధ్యమధ్య అద్దంలోంచి వెనక్కి చూస్తున్నారు. మొదట్లో ఆ చూపులో కోపం ఉంది. రానురాను ఆ కోపం సన్నగిల్లింది. నర్సు చెయ్యి ఆ పిల్ల నుదుటి మీద ఆగకుండా కదలడం ఆయన చూస్తూనే ఉన్నారు. అలాగే, అదే చెయ్యి, తులసి నుదుటి మీద కూడా కదిలింది. ఆ సంగతి ఇన్నేళ్ళలో ఆయన ఎప్పుడూ గుర్తు చేసుకోలేదు.

కడియం నర్సరీలు దాటుతుండగా సత్యశ్రీ కళ్ళు తెరిచింది.

"మాస్టారూ."

"ఏంటమ్మా? ఇదిగో వచ్చేశాం."

"రేపు బిందె తేకండి. నేను ఇంట్లో ఉండను కదా. ఎండలో ఊరికే మోసుకురాకండి."

ఆ మాట ఆ పిల్ల ప్రేమతోనే అంది. కారు ఒక్క క్షణం వేగం తగ్గింది. మాస్టారు జీవితమంతా లెక్కలు చెప్పిన మనిషి. ఇందాక సీసాలో వేసిన చుక్కలు, రంగు రాని నీళ్ళు, కంగారుగా కట్టించిన వాల్వు, పారబోయమన్న బిందె, ఇవన్నీ ఒకదాని పక్కన ఒకటి చేరాయి. ఉమాశ్రీ ఓరకంట చూసింది. స్టీరింగు మీద ఆయన వేళ్ళు తెల్లబడ్డాయి. అయినా కారు తిన్నగానే పోయింది.

సత్యశ్రీని స్ట్రెచరు మీద లోపలికి తీసుకెళ్ళారు. దుర్గాసాయి ఇంకా దారిలోనే ఉన్నాడు. వరండాలో గోడ వారన బల్ల ఉంటే ముగ్గురూ కూర్చున్నారు. దీనమ్మ ఒక చివర, మాస్టారు ఒక చివర, మధ్యలో ఉమాశ్రీ.

"ఉమాశ్రీ గారూ" అన్నారు మాస్టారు. అంతవరకూ ఆమెని 'అమ్మా' అనే పిలిచేవారు. "ఆ సీసాలో రంగు రావాలా?"

"రావాలండి."

"మన్ను కలిసినందుకు కాదు నీళ్ళు ఆపించింది."

ఉమాశ్రీ తల దించుకుంది.

"అయితే ఆ పిల్లకి నేనే పోశాను. రోజూ మోసుకెళ్ళి, ఈ చేతుల్తో..." ఆయన తన అరచేతులు తిప్పి చూసుకున్నారు, అవి ఎవరివో అన్నట్టు.

దీనమ్మ లేచి వచ్చి ఆయన ముందు నిలబడింది.

"ఇలా చూడండి మాస్టారూ. మీరు పొయ్యలేదు. మీకు తెలిస్తే పోస్తారా? కాల్వలో గొట్టానికి చిల్లు పడింది. పుష్కరాలకి ముందే పడింది, ఎవరో ట్యూబు ముక్క చుట్టి పైన గోడ కట్టేశారు. ఎవరికీ కనపడలేదు. ఇందులో మీ తప్పు లేదు. నా తప్పూ లేదు."

ఆఖరి మాట ఆమె అనాలని అనలేదు. మొదటి మాట వెనకాలే వచ్చేసింది.

మాస్టారు తలెత్తి ఆమెని చూశారు. "పుష్కరాలకి ముందే..." అన్నారు. మళ్ళీ అన్నారు. "అయితే మా తులసి..."

దీనమ్మ అవునన్నట్టు తల ఊపింది.

ఆయన బల్ల అంచు పట్టుకున్నారు. క్షమించమని అడుగుతారని ఉమాశ్రీ అనుకుంది. ఆయన అడగలేదు. అంత చిన్న మాట దానికి సరిపోదని ఆయనకి తెలిసినట్టుంది. చిన్నపిల్లాడిలా అడిగారు.

"ఇన్నేళ్ళూ ఎలా బతికేరండీ మీరు?"

"ఇప్పుడు మీకెలా ఉందో అలాగే" అంది దీనమ్మ. "అందుకే, మిమ్మల్ని ఒక్క పూటైనా అలా ఉండనివ్వను."

మాస్టారు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని వంగిపోయారు. ఆయన భుజాలు ఎగిసిపడుతున్నాయి. ఉమాశ్రీ మధ్యలోంచి లేచి చోటిచ్చింది. దీనమ్మ ఆయన పక్కన కూర్చుని వీపు నిమిరింది. అటుగా పోయేవాళ్ళు అక్కాతమ్ముళ్ళనుకుని ఉంటారు.

"తులసి మీ గురించి ఏం చెప్పేదో తెలుసా?" అంది. "మా ఆయనకి లెక్కలన్నీ వచ్చు అక్కా, బజారుకెళితే చిల్లర తెచ్చుకోవడం మాత్రం రాదు అనేది."

ఏడుపు మధ్యలోనే మాస్టారు నవ్వారు. ఆ నవ్వు మళ్ళీ ఏడుపైంది. తులసి మాట ఒకటి, తను వినని మాట, ఇన్నేళ్ళ తరవాత ఆయనకి చేరింది. "ఇంకా ఏమనేది?" అని అడిగారు. దీనమ్మ చెప్పడానికి నోరు తెరిచింది.

లోపలి తలుపు తోసుకుని డాక్టరమ్మ బయటికొచ్చింది. మాస్కు కిందికి లాగి వరండా అంతా కలియజూసింది.

"సత్యశ్రీ తాలూకు ఎవరండీ?"

మాస్టారూ దీనమ్మా ఒక్కసారే లేచి నిలబడ్డారు.

"ఇద్దరూనా? ఏమవుతారు?"

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏమీ కారు. ఆ పిల్ల అద్దె వాటాలో ఉండే పరాయి పిల్ల.

"మా పిల్లేనండి" అన్నారు మాస్టారు. "మా ఇద్దరి పిల్లే."

డాక్టరమ్మ ఇంకేమీ అడగలేదు. "భర్త వచ్చేదాకా ఆగుదామనుకున్నాను. ఇప్పుడు ఆగడానికి లేదు. నెలలు నిండకుండానే బిడ్డని తియ్యాలా వద్దా తేల్చుకోవాలి, మీలో ఎవరో ఒకరు ఇప్పుడే ఫోన్లో ఆ అబ్బాయికి చెప్పాలి. లోపలికి రండి" అని తలుపు తెరిచి పట్టుకుంది.

మాస్టారు పక్కకి తప్పుకుని, "మీరు ముందు పదండి సిస్టర్, మీకే అర్థమవుతుంది" అన్నారు. దీనమ్మ లోపలికి అడుగుపెట్టింది. ఉమాశ్రీ చేతిలో ఫోన్ మోగింది. దుర్గాసాయి.